అందరికంటే రెట్టింపు మంచిగా ఉండాలనే ఒత్తిడి: చెల్లికి కూడా ఇదే నేర్పాలా?

ప్రశ్న అడిగినవారు: ఏసీ గార్డ్స్ అబ్బాయి (కమ్మనహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో. మొదట వనపర్తి రాజా దగ్గర, తర్వాత నిజాం దగ్గర ఆఫ్రికన్ గుర్రపు దళం ఒకటి ఉండేది, ఆ సిపాయిల బస్తీయే మాది. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత దళం పోయింది, కుటుంబాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, బడిలో నాది తెలుగు మీడియం, అమ్మ పుట్టిల్లు వనపర్తి వైపు కాబట్టి బడికి వెళ్లకముందే అమ్మమ్మ దగ్గర తెలుగు వచ్చేసింది. నా కుల సర్టిఫికెట్‌లో సిద్దీ (ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి), బీసీ-ఇ అని ఉంటుంది. మా బస్తీ దాటితే హైదరాబాద్‌లోనే ఇవన్నీ చాలామందికి తెలియవు, ఇక బెంగళూరులో ఎవరికి తెలుస్తాయి? ఇక్కడ నన్ను చూడగానే నైజీరియా వాడు అనుకుంటారు. అలా అనుకున్న మరుక్షణం నుంచి డ్రగ్స్, తాగి గొడవలు, వీసా అయిపోయినా వెళ్లకపోవడం, ఇవన్నీ నా నెత్తి మీదకి వస్తాయి.

ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పని బాగుంటుంది, జీతం బాగుంటుంది. నా సమస్య పనితో కాదు, పని చుట్టూ నేను రోజూ చేసే ఇంకో పనితో. ఆదివారం పాల ప్యాకెట్ కోసం కిందికి దిగినా ఇస్త్రీ చొక్కా వేసుకుంటాను. ఆఫీసు అయిపోయాక కూడా ఐడీ కార్డు మెడలోనే ఉంచుకుంటాను, అదీ ముందువైపు కనబడేలా. లిఫ్టులో ఒక్క ఆడమనిషే ఉంటే నేను ఎక్కను, ఫోన్ వచ్చినట్టు పక్కకి వెళ్లి తర్వాతి లిఫ్టు కోసం ఆగుతాను. రాత్రి చీకటి పడ్డాక చేతిలో నల్ల కవరు పట్టుకుని నడవను. అద్దె నెలాఖరు కంటే ముందే పంపేస్తాను. ఆటోవాళ్లు ఎక్కువ అడిగితే బేరం ఆడకుండా ఇచ్చేస్తాను, ఎందుకంటే నేను గొంతు పెంచితే పది మంది పోగవుతారు, వాళ్లు ఎవరి వైపు నిలబడతారో నాకు తెలుసు. మీటింగులో కోపం వచ్చినా నవ్వుతాను. షీటు పంపేముందు మళ్లీ మళ్లీ చూస్తాను. పక్క సీటు అతను తప్పు చేస్తే అతను తప్పు చేశాడంటారు, నేను చేస్తే వీళ్లింతే అంటారు.

ఇంకో వైపు నుంచి కూడా వస్తుంది. ఆఫీసు స్పోర్ట్స్ డే అనగానే నన్ను అడక్కుండానే వంద మీటర్ల పరుగులో పేరు రాసేస్తారు, డాన్సులో రాసేస్తారు. నాకు పరుగు రాదు. చిన్నప్పటి నుంచి నేను ఆడింది క్యారమ్స్. 1980ల చివర్లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా సిద్దీ పిల్లలను వెతికి మరీ అథ్లెటిక్స్ శిక్షణకి తీసుకెళ్లింది, వీళ్ల రక్తంలోనే పరుగు ఉంటుందన్న నమ్మకంతో. కొందరు నిజంగానే పతకాలు తెచ్చారు, కొన్నేళ్లకి ఆ పథకమే ఆగిపోయింది. మెచ్చుకోలు లాగే ఉంటుంది కానీ అందులోనూ మనిషిని చూడరు, రంగునే చూస్తారు. పరిగెత్తి ఓడిపోతే వాళ్ల మొహాల్లో నిరాశ, వద్దంటే పొగరు.

మా టీమ్ లీడ్ చాలా మంచి మనిషి, నాకోసం పై వాళ్లతో మాట్లాడిన మనిషి. మొన్న టీ తాగుతూ ప్రేమగానే "నువ్వు వాళ్లలా కాదు" అన్నారు. కమ్మనహళ్లి మెయిన్ రోడ్డులో కనిపించే ఆఫ్రికా కుర్రాళ్ల గురించి ఆ మాట. అక్కడ నేను థ్యాంక్స్ చెప్పాలన్నమాట. ఇన్నాళ్లు నేను పడ్డ కష్టమంతా ఆ ఒక్క మాట కోసమేనా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మా చెల్లి జూన్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఇక్కడికి వస్తోంది. అది నాలా కాదు. గట్టిగా నవ్వుతుంది, జుట్టు సన్న జడలు వేసుకుంటుంది, ఆటోవాడితో పది రూపాయలకి కూడా కొట్లాడుతుంది. మాకు చిన్నప్పుడు అమ్మ చెప్పిన మాట ఒకటే: నువ్వు తప్పు చేస్తే బస్తీ మొత్తానికి చెడ్డపేరొస్తుంది. అమ్మ నాకు చెప్పిందంతా నేను దానికి చెప్పాలా? చెప్పకపోతే ఏదైనా జరుగుతుందని భయం. చెబితే ఆ నవ్వు పోతుందని భయం. ఇలాంటివి పడ్డవాళ్లు, చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


డికేటర్ నుంచి వైట్‌ఫీల్డ్‌కి

తమ్ముడూ అని పిలుస్తున్నాను, ఏమీ అనుకోకు. నేను అమెరికాలో అట్లాంటా పక్కన డికేటర్‌లో చాలా ఏళ్లు ఉన్నాను, యూనివర్సిటీలో ప్రజారోగ్యం డేటా మీద పని. నా టీమ్‌లో సగం మంది నల్లజాతి వాళ్లు. నువ్వు రాసింది చదువుతుంటే వాళ్లే తెలుగులో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

అక్కడ ఇది తరతరాలుగా ఇంట్లో నేర్పే పాఠం. కొట్లో జేబులో చెయ్యి పెట్టకు, చూయింగ్ గమ్ కొన్నా రసీదు తీసుకో, కవరులో వేయించుకో, తలమీదకి హుడ్ లాక్కోకు. 2013లో అట్లాంటాలోనే మోర్‌హౌస్ కాలేజీ పట్టాల ప్రదానంలో ఒబామా మాట్లాడుతూ, రెట్టింపు కష్టపడితేనే నెగ్గుకొస్తావని మీకు ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు అన్నారు. దేశాధ్యక్షుడైన మనిషి కూడా ఆ మాటని పాతబడిపోయిన మాట అనలేదు చూడు.

నీ లిఫ్టు సంగతి చదవగానే నాకు బ్రెంట్ స్టేపుల్స్ గుర్తొచ్చారు. తర్వాత న్యూయార్క్ టైమ్స్‌లో సంపాదకీయాలు రాసిన మనిషి. షికాగోలో చదువుకునే రోజుల్లో రాత్రిపూట నడుస్తుంటే తనని చూసి జనం రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయేవాళ్లట. దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం ఈల. వివాల్డీ లాంటి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఈలవేస్తూ నడిచేవారు, అది వినగానే ఎదుటివాళ్ల భుజాలు వదులయ్యేవి. భయం వాళ్లది, దాన్ని తగ్గించే చాకిరీ ఆయనది. నువ్వు చేస్తున్న పని అదే. అది పనే అని ముందు నువ్వు ఒప్పుకోవాలి, ఎందుకంటే ఎవరూ లెక్కలో వేయని ఆ పనికి కూడా ఒంట్లో శక్తి ఖర్చవుతుంది.

ఎంత ఖర్చవుతుందో చూసిన వాళ్లున్నారు. నార్త్ కరొలినాలో షెర్మన్ జేమ్స్ అనే నల్లజాతి ఎపిడెమియాలజిస్టు (జనంలో జబ్బుల తీరు మీద పరిశోధన చేసేవారు) 1980ల నుంచి ఈ పని చేశారు. అక్కడ జాన్ హెన్రీ అని ఒక జానపద వీరుడి కథ ఉంది: సుత్తి పట్టుకుని ఆవిరి యంత్రంతో పోటీపడి గెలుస్తాడు, గెలిచిన చోటే కూలిపోయి చనిపోతాడు. చేతిలో డబ్బూ చదువూ అండా లేకుండా, ఎంత కష్టమొచ్చినా నా ఒళ్లు వంచి నేనే గెలుస్తాను అనే స్వభావం ఉన్నవాళ్లలో రక్తపోటు ఎక్కువగా ఉండటం జేమ్స్ చూశారు, ఆ తీరుకి ఆ వీరుడి పేరే పెట్టారు. అందరిలో ఒకేలా రాలేదు, తర్వాత చేసినవాళ్లకి ఫలితాలు రకరకాలుగా వచ్చాయి, అది కూడా చెప్పాలి. కానీ నువ్వు ఈ ఏడాది ఒకసారి బీపీ చూపించుకో. అక్కగా అడుగుతున్నాను.

చెల్లి విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది వేరే. 1970ల్లో బర్కిలీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ అనే ఆయన క్యాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో చూద్దామని వాళ్లతో పాటే తిరిగారు. ప్రొఫెసర్లు అనుకున్నది ఒకటి, ఆయన చూసింది ఒకటి. వాళ్లు బద్ధకించడం లేదు, గంటలు గంటలు చదువుతున్నారు, కానీ ఒంటరిగా, గది తలుపు వేసుకుని. అదే క్లాసులో చైనీస్ విద్యార్థులు గుంపుగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుంటున్నారు. ట్రైస్‌మన్ వాళ్లని కూడా గుంపులుగా కూర్చోబెట్టి తేలిక లెక్కలు కాకుండా కష్టమైన లెక్కలు ఇచ్చారు, గ్రేడ్లు బాగా పెరిగాయి. నిరూపించుకోవాలనే పట్టుదల ఉన్నవాళ్లు సాయం అడగరు, అడిగితే రాదని ఒప్పుకున్నట్టు అవుతుందని. నువ్వు షీటు మళ్లీ మళ్లీ చూసుకుంటావు, పక్కవాళ్లని ఒక్కసారి చూడమని అడుగుతావా? చెల్లికి మొదటి వారంలోనే నలుగురితో కలిసి చదువుకోమని చెప్పు. రెట్టింపు చదవమని చెప్పకు.


కోరమంగల బ్యాచిలర్

బ్రో, కొంచెం ఎక్కువ ఆలోచిస్తున్నావేమో. నేనూ నల్లగానే ఉంటాను, మా బంధువుల పెళ్లిళ్లలో అందరూ ఆ మాటే అంటారు, నేను పట్టించుకోను. ఇక్కడ తెలుగువాళ్లం అని మనల్నీ ఏదో ఒకటి అంటూనే ఉంటారు. కాన్ఫిడెన్స్‌తో ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ ఇస్త్రీ చొక్కా మానేసి టీషర్టులో తిరుగు, ఏమీ అవదు.


ఏసీ గార్డ్స్ అబ్బాయి

బ్రదర్, నీ మనసు మంచిదే, కాదనను. మొన్న డిసెంబర్‌లో నేనూ నా రూమ్మేటూ రాత్రి పదిన్నరకి బండి మీద వస్తుంటే గస్తీవాళ్లు ఆపారు. రూమ్మేట్‌ది ఒంగోలు, రంగులో మా ఇద్దరికీ తేడా లేదు. బండి నడుపుతున్నది అతను. లైసెన్స్ చూసి అతన్ని పక్కన నిలబడమన్నారు, నన్ను పాస్‌పోర్ట్ అడిగారు. ఆధార్ చూపిస్తే ఇది ఎక్కడ చేయించావు అన్నారు. నేను గట్టిగా సమాధానం చెబితే పొగరు అంటారు, మెల్లగా చెబితే ఏదో దాస్తున్నాడంటారు. ఆ నిమిషంలో కాన్ఫిడెన్స్‌ని ఏ గొంతుతో చూపించాలో నువ్వే చెప్పు.

2009 జులైలో హెన్రీ లూయిస్ గేట్స్ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ చైనా నుంచి తిరిగొచ్చి, ఇరుక్కుపోయిన తన ఇంటి తలుపు తోస్తుంటే దొంగతనమేమో అని ఎవరో ఫోన్ చేశారు. పోలీసులు వచ్చారు, మాటా మాటా పెరిగింది, ఆయన్ని సొంత ఇంటి ముందే అరెస్టు చేశారు. తర్వాత కేసు తీసేశారు. ఆయనకి నాకంటే, నీకంటే తక్కువ కాన్ఫిడెన్స్ ఉండి ఉంటుందా? నల్లగా ఉన్నావని పెళ్లిలో అనడం బాధే, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ నిన్ను ఈ దేశం మనిషివేనా అని ఎవరూ అడగరు.

డికేటర్ అక్కా, బీపీ చూపించుకుంటాను. సాయం అడగడం గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఎవర్నీ అడగను, నిజమే. ఎందుకు అడగనో ఇన్నాళ్లు ఆలోచించలేదు.


పెరంబూర్ వాసి

చెన్నై నుంచి రాస్తున్నాను తమ్ముడూ. మాది తరతరాలుగా ఈ నగరాన్ని ఊడ్చిన కులం. మా తాత, మా నాన్న కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పనివాళ్లు, ఇంట్లో మాది తెలుగు, వీధిలో తమిళం. నేను కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పని చేస్తాను. నేను ఆఫ్రికా మూలాలున్నవాణ్ని కాదు, నీ అనుభవం నాదని చెప్పను. కానీ ఇస్త్రీ చొక్కా గురించి నాకు తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా డెస్కు అంత శుభ్రంగా ఆ అంతస్తులో ఎవరిదీ ఉండేది కాదు. టిఫిన్ డబ్బా తిన్న వెంటనే కడిగేసేవాణ్ని, వాసన వస్తుందంటారేమో అని. ఒక్క ఫైలు ఆలస్యం చేయలేదు, చేస్తే కోటా అంటారని. అందుకే డికేటర్ అక్కతో నాకు కొంచెం పేచీ ఉంది. అక్కా, మీరు రాసినవన్నీ నిజాలే, కానీ రెట్టింపు చదవొద్దని చెప్పడం మనలాంటి ఇళ్లలో ప్రమాదం. నేను రెట్టింపు చదివాను కాబట్టే మా నాన్న చేసిన పని నేను చేయడం లేదు. అంబేడ్కర్‌ని చూడండి. గాంధీగారు కొల్లాయి కట్టుకుంటే దేశం మహాత్ముడంది, ఆయనకి ఆ వెసులుబాటు పుట్టుకతో ఉంది. అంబేడ్కర్ సూటు వేసుకున్నారు, టై కట్టుకున్నారు, అది ఎవరి మెప్పు కోసమో కాదు. ఏ ఒంటి మీద మంచి బట్ట ఉండకూడదన్నారో ఆ ఒంటి మీదే వేసుకున్నారు. తమ్ముడూ, నీ ఇస్త్రీ చొక్కా నీకు నచ్చితే వేసుకో. భయంతో వేసుకుంటున్నావా, ఇష్టంతో వేసుకుంటున్నావా అన్నది నీకొక్కడికే తెలుస్తుంది.

అంబేడ్కర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1946లో ఆయన అమెరికాలో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. నల్లజాతి వాళ్లు తమ హక్కుల కోసం ఐక్యరాజ్య సమితికి అర్జీ పెట్టుకున్నారని తెలిసి, దాని కాపీలు పంపించమని, మా అంటరానివాళ్ల స్థితికీ మీ స్థితికీ చాలా పోలిక ఉందని. డుబాయిస్ జవాబు రాశారు. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు పేరు కూడా అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకున్నారు. ఇదంతా ఎందుకంటే, ఈ బరువు మోస్తున్నది నువ్వొక్కడివే అని నీకు అనిపిస్తోంది, రాసిన తీరులో తెలుస్తోంది. కాదు.

ఇక మీ టీమ్ లీడ్ మాట. నాకూ అచ్చం అలాంటి మాటే అన్నారు ఒక పెద్దాయన, మంచాయనే. నిన్ను చూస్తే ఎస్సీ అనిపించవు అన్నారు. ఎస్సీలు ఇలాగే ఉంటారు సార్ అన్నాను. గొంతు పెంచలేదు, నవ్వలేదు కూడా. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మా ఇంటివాళ్ల గురించి అడిగారు, మొదటిసారి నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నువ్వు వాళ్లలా కాదు అనే మాటకి థ్యాంక్స్ చెప్పావా, కమ్మనహళ్లి రోడ్డు మీద నడిచే ఆ కుర్రాళ్ల గురించి ఆయన అనుకున్నదంతా నిజమేనని నువ్వే సంతకం పెట్టినట్టు. కష్టపడు, రెట్టింపు పడు, నీ కోసం పడు. ఆ కష్టాన్ని ఇంకొకళ్ల కంటే నువ్వు మేలని చూపించడానికి వాడుకోనివ్వకు.


కొత్తనూరు ఇంటావిడ

నేను ఇంటి ఓనర్ల వైపు నుంచి రాస్తున్నాను. మేము బెంగళూరులో స్థిరపడి మూడు తరాలైంది, ఇంట్లో తెలుగే. కొత్తనూరులో మా మామగారు కట్టించిన ఇల్లు ఉంది, పై అంతస్తుల్లో చాలా ఏళ్లుగా కాంగో, టాంజానియా, సూడాన్ పిల్లలు అద్దెకుంటున్నారు. వాళ్లలో నాకు నచ్చినవాళ్లున్నారు, నచ్చనివాళ్లున్నారు, ఆంధ్రా పిల్లల్లోనూ అంతే.

ఓనర్లు తమలో తాము ఏం మాట్లాడుకుంటారో చెబుతాను. ఒక ఇంట్లో ఎవరో పార్టీ చేసుకున్నారని వీధిలో ఆఫ్రికా వాళ్లందరినీ ఖాళీ చేయించాలని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. కేరళ పిల్లలు పార్టీ చేసుకుంటే ఆ గదివాళ్లని మాత్రమే తిడతారు. అద్దె కూడా ఆఫ్రికా వాళ్లకి ఎక్కువ చెబుతారు, వేరే చోట దొరకదని తెలుసు కాబట్టి. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లో ఆ వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు ఆఫీసుకి (ఎఫ్ఆర్ఆర్ఓ) పంపాలి, ఆ పని ఓనరుదే. అది చేయకుండా వదిలేసి, పోలీసులు వస్తే తప్పంతా ఆ పిల్లల మీదికి నెట్టే ఓనర్లని చూశాను. నాకు ఒళ్లు మండుతుంది.

2016 జనవరి నెలాఖరులో హెసరఘట్ట దగ్గర జరిగింది మీలో కొందరికి గుర్తుండాలి. ఒక సూడాన్ విద్యార్థి కారు కింద పడి ఒకామె చనిపోయింది. ఘోరమే. కానీ కాసేపటికి వేరే కారులో అటుగా వచ్చిన టాంజానియా అమ్మాయిని జనం లాగి కొట్టారు, బట్టలు చింపారు, వాళ్ల కారు తగలబెట్టారు. ఆ ప్రమాదంతో ఆ పిల్లకి ఏ సంబంధమూ లేదు, దేశమే వేరు. ఆ తర్వాత మా ఇంట్లో పిల్లలు చీకటి పడితే బయటికి వెళ్లడం మానేశారు. పక్క కొట్టుకి కూడా కాలేజీ ఐడీ కార్డు మెడలో వేసుకుని వెళ్లేవాళ్లు. నువ్వు రాసిన ఐడీ కార్డు చదవగానే నాకు వాళ్లే కళ్లముందు మెదిలారు బాబూ. ఆ టాంజానియా పిల్ల ఎంత మంచిగా ప్రవర్తించి ఉంటే తప్పించుకునేది? అక్కడ పోగైనవాళ్లు ఆమె ఎలాంటిదో చూడలేదు.

అందుకే మీ చెల్లికి మంచి ప్రవర్తనని రక్షణగా చెప్పొద్దు. రక్షణ వేరే ఉంది: రాత్రి ఇంటికి చేరాక ఫోన్ చేయడానికి ఇద్దరు మనుషులు, కాలేజీలో ఒక లెక్చరర్ నంబరు, అద్దె అగ్రిమెంటు ఫోటో ఫోన్‌లో, గుంపు పోగైతే వాదన ఆపి దగ్గర్లో ఉన్న కొట్లోకి వెళ్లిపోవడం. ఆటోవాడితో పది రూపాయలకి కొట్లాడేది పగలు కొట్లాడనీ, ఏమవుతుంది.

ఇంకో మాట, నొప్పించాలని కాదు. ఆధార్ చూపించి నేను ఇండియన్‌ని అనడం మీ ఇద్దరికీ ఉన్న హక్కు, చూపించండి. ఈ రాష్ట్రంలోనే యల్లాపుర, హళియాళ అడవుల్లో సిద్దీలున్నారు, 2003లో షెడ్యూల్డ్ తెగగా గుర్తించారు, 2020లో శాంతారామ్ సిద్దీ శాసన మండలికి వెళ్లారు. ఆ మాట కూడా చెప్పండి, ఇక్కడి వాళ్లకే తెలియదు. కానీ మా పై అంతస్తులో కాంగో పిల్లాడికి ఆధార్ లేదు, వాడు కూడా భయం లేకుండా పాలు కొనుక్కోవాలి.


ఏసీ గార్డ్స్ అబ్బాయి

అందరికీ వెంటనే జవాబు రాయలేకపోయాను, క్వార్టర్ క్లోజింగ్. అన్నీ చెల్లికి పంపాను, నా పోస్టుతో సహా. నేను లిఫ్టు ఎక్కకుండా ఆగుతానని దానికి ఇప్పటిదాకా తెలియదు. ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, ఇదంతా ఒక్కడివే ఎందుకు పెట్టుకున్నావని.

కొత్తనూరు ఆంటీ చెప్పినవి దానికి చెబుతాను: నంబర్లు, అగ్రిమెంటు ఫోటో, గుంపు పోగైతే కొట్లోకి వెళ్లడం. నవ్వు తగ్గించమని, జడలు విప్పమని చెప్పను. బస్తీకి చెడ్డపేరొస్తుందనే మాట కూడా చెప్పను, అమ్మతో కూడా మాట్లాడాను దీని గురించి. అమ్మ ఒప్పుకోలేదు. నువ్వు ఇంతవాడివైంది ఆ మాట వల్లే కదా అంది. పెరంబూర్ అన్న కూడా దాదాపు అదే అన్నారు కాబట్టి అమ్మకి నేను ఎదురు చెప్పలేకపోయాను. అన్నా, మీరూ అక్కా చెప్పినవి రెండూ నాకు నిజాలుగానే కనిపిస్తున్నాయి, వాటి మధ్య నేనింకా ఏమీ తేల్చుకోలేదు. నేను రెట్టింపు పని చేయడం ఇప్పట్లో మానలేను. లిఫ్టు కూడా మానలేనేమో, అక్కడ ఆ ఆడమనిషి భయం కూడా నిజమే కదా అనిపిస్తుంది, నా వల్ల కాకపోయినా.

స్పోర్ట్స్ డేకి మాత్రం హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను, వంద మీటర్ల నుంచి నా పేరు తీసేసి క్యారమ్స్ డబుల్స్‌లో పెట్టమని. ఆవిడ సారీ చెప్పి వెంటనే మార్చారు. నా కొత్త రీకన్సిలియేషన్ షీటు టీమ్ లీడ్‌ని ఒకసారి చూడమని అడిగాను, అందులో నాకు కనబడని ఒక ఫార్ములా తప్పు ఆయనకి కనబడింది. దాన్ని దిద్ది ఇచ్చారు, అంతే, ఇంకేమీ అవలేదు. ఆయనకి ఆ రోజు మాట గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. చెబుతాను. పెరంబూర్ అన్న చెప్పిన వాక్యంలా ఒకటి తయారు చేసుకుంటున్నాను.

ఆంటీ, మీ ఇంట్లో జూన్‌కి ఏమైనా ఖాళీ ఉంటుందా?


కొత్తనూరు ఇంటావిడ

రెండో అంతస్తులో ఒక గది మే నెలాఖరుకి ఖాళీ అవుతుంది. పక్క గదిలో ఇద్దరు టాంజానియా అమ్మాయిలు, ఒక అనంతపురం అమ్మాయి ఉంటారు. అద్దె, అడ్వాన్స్ అందరికీ ఒకటే, అగ్రిమెంటు రిజిస్టర్ చేయిస్తాను. నీళ్లు పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకే వస్తాయి, అది ముందే చెబుతున్నాను. ఒక ఆదివారం ఇద్దరూ వచ్చి చూసుకోండి.


పెరంబూర్ వాసి

తమ్ముడూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. టీమ్ లీడ్‌తో మాట్లాడాక ఏమన్నారో ఇక్కడ రాయి, ఎదురుచూస్తుంటాను.